బోర్డు మీద 100 వాట్లు, బయటికొచ్చేది 36: సొంత పోర్టబుల్ స్పీకర్‌కు బ్యాటరీ, యాంప్లిఫయర్ లెక్కలు

పాత స్పీకర్లు రెండు అటక మీద నుంచి దించుతారు. ఒక యాంప్లిఫయర్ బోర్డు, 12 వోల్టుల బ్యాటరీ, బ్లూటూత్ మాడ్యూల్ తెచ్చి అన్నిటినీ ఒక చెక్క డబ్బాలో బిగిస్తే ఎక్కడికైనా మోసుకెళ్లే మ్యూజిక్ సిస్టమ్ తయారు. ఇక్కడిదాకా అందరూ బాగానే వస్తారు. చిక్కంతా ఆ తర్వాతే. బోర్డు మీద 100 వాట్లని ఉంది, వాల్యూమ్ సగం దాటగానే సౌండు పగులుతోంది. బ్యాటరీ చాలడం లేదేమోనని రెట్టింపు సైజుది పెడితే పాటలు ఎక్కువసేపు వస్తున్నాయి గానీ సౌండు వీసమెత్తు పెరగలేదు. చివరికి 200 వాట్ల బోర్డు కొంటారు. మళ్లీ అదే సౌండు.

ఇందులో బోర్డు తప్పేమీ లేదు. ఎంత గట్టిగా, ఎంతసేపు అనే రెండు ప్రశ్నల్ని ఒకటిగా కలిపేయడం వల్ల వచ్చిన తంటా ఇది. ఎంత గట్టిగా అన్నది వోల్టేజ్, స్పీకర్ కలిసి తేలుస్తాయి. ఎంతసేపు అన్నది బ్యాటరీలోని వాట్-అవర్లు, అంటే ఎన్ని వాట్లు ఎన్ని గంటలు ఇవ్వగలదన్న నిల్వ లెక్క, తేలుస్తాయి. బోర్డు మీద అచ్చేసిన అంకె ఈ రెండింటిలో దేనికీ నేరుగా జవాబు చెప్పదు.

ముందు కొలతల భాష

ఇంట్లో మనం విద్యుత్తునే కరెంట్ అంటాం కాబట్టి ఒక చిన్న హెచ్చరిక: ఈ వ్యాసంలో కరెంట్ అంటే వైరులో ప్రవహించే పరిమాణం, ఆంపియర్లలో కొలిచేది. దాన్ని తోసే ఒత్తిడి వోల్టేజ్. ప్రవాహానికి స్పీకర్ ఇచ్చే అడ్డు ఇంపెడెన్స్, ఓమ్‌లలో ఉంటుంది. స్పీకర్ వెనక 4 ఓమ్‌లనో 8 ఓమ్‌లనో రాసి ఉండేది ఇదే. వోల్టేజ్‌ను కరెంట్‌తో గుణిస్తే వాట్లు.

బ్యాటరీ దగ్గర ఎక్కువమంది పొరపడేది మిల్లీఆంపియర్-అవర్ అంకెతో. 10,000 అని రాసిన పవర్ బ్యాంక్, 7 ఆంపియర్-అవర్ల లెడ్-యాసిడ్ బ్యాటరీ పక్కపక్కన పెట్టి ఏది పెద్దదని అడిగితే పవర్ బ్యాంకే అనిపిస్తుంది, ఏడు వేల కంటే పది వేలు ఎక్కువే కదా. కానీ పవర్ బ్యాంక్ అంకె లోపలి సెల్ వోల్టేజ్ అయిన 3.7 దగ్గర లెక్కగట్టింది: 3.7 × 10 = 37 వాట్-అవర్లు. లెడ్ బ్యాటరీది 12 × 7 = 84. చిన్న అంకె ఉన్నదే రెట్టింపు పైన నిల్వ చేస్తోంది. వేర్వేరు వోల్టేజ్‌ల బ్యాటరీలను పోల్చాలంటే వాట్-అవర్లలోకి మార్చాల్సిందే, వేరే దారి లేదు.

బోర్డు మీది వాట్లు ఎక్కడి నుంచి వస్తాయి

యాంప్లిఫయర్ పవర్‌ను పుట్టించదు. బ్యాటరీ ఇచ్చే వోల్టేజ్‌ను పాట అలకు తగ్గట్టు పైకీ కిందికీ ఆడిస్తుంది, అంతే. కాబట్టి ఆ అల ఎత్తు బ్యాటరీ వోల్టేజ్‌ను దాటదు. ఇవాళ బ్యాటరీతో వాడే బోర్డుల్లో చాలావరకు బ్రిడ్జ్ పద్ధతివి: స్పీకర్ రెండు కొసలనూ రెండు వైపుల నుంచీ ఆడిస్తాయి. ఈ పద్ధతిలో ఒక్కో ఛానల్‌కు సాధ్యమయ్యే గరిష్ఠ శుద్ధ పవర్‌కు చిన్న సూత్రం ఉంది. వోల్టేజ్‌ను వోల్టేజ్‌తోనే గుణించి, స్పీకర్ ఓమ్‌లకు రెట్టింపుతో భాగించాలి.

12 వోల్టులు, 4 ఓమ్‌ల స్పీకర్ అనుకుందాం. 12 × 12 = 144. దాన్ని 8తో భాగిస్తే 18 వాట్లు. రెండు ఛానళ్లకు 36. స్పీకర్ 8 ఓమ్‌లదైతే ఛానల్‌కు 9 వాట్లే. ఇది ఆదర్శ లెక్క. చిప్ లోపలి నష్టాలు పోను చేతికి ఇంకాస్త తక్కువే వస్తుంది. బోర్డు మీద 100 అని ఉన్నా, 200 అని ఉన్నా, 12 వోల్టులే ఇచ్చినంతకాలం ఈ గీత దాటదు. అడుగుతున్నది దాన్ని దాటితే అల తలలు కోసేసినట్టు చదునుగా మారతాయి. సౌండు పగలడం అని మనం అనేది దీన్నే.

మరి ఆ 100 అబద్ధమా? పూర్తిగా కాదు. సొంతంగా కట్టుకునేవాళ్లు ఎక్కువగా వాడే చిప్‌లలో ఒకటి టీపీఏ 3116. తయారీదారు టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ దానికి ఇచ్చే లెక్క ఇది: 21 వోల్టుల సరఫరా, 4 ఓమ్‌ల స్పీకర్లు, ఛానల్‌కు 50 వాట్లు, ధ్వనిలో 10 శాతం వక్రీకరణతో. అంటే ఆ అంకెలో మూడు షరతులు దాగున్నాయి. బోర్డులు అమ్మేవాళ్లు షరతులు వదిలేసి 50ని రెండుతో గుణించి అచ్చేస్తారు. 10 శాతం వక్రీకరణ అంటే చెవికి స్పష్టంగా తెలిసేంత పగులు. ఈ మూడింటిలో వోల్టేజ్ షరతే అసలు గుట్టు.

కారు స్టీరియోల మీద కనిపించే 4 × 50 వాట్ల కథా ఇలాంటిదే. ఇంజిన్ నడుస్తున్నప్పుడు కారు బ్యాటరీ దగ్గర దాదాపు 14.4 వోల్టులు ఉంటాయి. మన సూత్రంతో 4 ఓమ్‌లకు 26 వాట్లు వస్తాయి. 50 ఎలా వచ్చిందంటే, పాటను పూర్తిగా చతురస్రపు అలగా చితక్కొట్టినప్పుడు వచ్చే పవర్ అది. ఇక పాత టేప్‌రికార్డర్ల మీద వేలల్లో రాసే పీఎంపీఓ వాట్లకు ఒప్పుకున్న నిర్వచనమంటూ ఏదీ లేదు. వాటిని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.

సూత్రంలో ఇంకొకటి గమనించాలి. వోల్టేజ్ రెండుసార్లు గుణిస్తున్నాం కాబట్టి అది రెట్టింపైతే పవర్ నాలుగు రెట్లవుతుంది. అదే 4 ఓమ్‌ల స్పీకర్‌కు 24 వోల్టులిస్తే 72 వాట్ల దాకా దారి తెరుచుకుంటుంది, బోర్డు తట్టుకుంటే. మరో కొసన, 5 వోల్టుల మీద నడిచే చిన్న పీఏఎం 8403 బోర్డు 4 ఓమ్‌లకు 3 వాట్లిస్తుంది. 5 × 5 ÷ 8 చేసి చూస్తే 3.1. ఆ బోర్డు మీద 3 వాట్లనే రాసి ఉంటుంది. చిన్నదైనా నిజాయతీ గల బోర్డు.

వాట్ల కంటే ముందు అడగాల్సింది: స్పీకర్ సెన్సిటివిటీ

ఒక వాట్ ఇచ్చి ఒక మీటరు దూరంలో కొలిస్తే స్పీకర్ ఎన్ని డెసిబెల్స్ ఇస్తుందో అదే దాని సెన్సిటివిటీ. డెసిబెల్ లెక్క మామూలు కూడికలా ఉండదు. పవర్ రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్. చెవికి అది కాస్త పెరిగినట్టు మాత్రమే ఉంటుంది. రెట్టింపు గట్టిగా ఉందనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ కావాలి, అంటే పది రెట్ల పవర్.

ఇప్పుడు రెండు స్పీకర్లు తీసుకుందాం. ఒకటి 88 డెసిబెల్స్‌ది, ఇంకోటి 94ది. 88 దానికి 18 వాట్లిస్తే వచ్చే సౌండు, 94 దానికి నాలుగున్నర వాట్లకే వస్తుంది. 6 డెసిబెల్స్ తేడా నాలుగు రెట్ల బ్యాటరీతో సమానం. బ్యాటరీ మీద నడిచే సిస్టమ్‌లో సెన్సిటివిటీ ఉన్న స్పీకర్ దొరికిందంటే బ్యాటరీ ఉచితంగా దొరికినట్టేనని నా లెక్క. అయినా కట్టేవాళ్లు అన్నిటికంటే చివర చూసేది ఈ అంకెనే.

దీనికి వేరే మూల్యం ఉంది. స్పీకర్ డిజైన్‌లో హాఫ్‌మన్ ఉక్కు నియమం అని ఒకటి చెబుతారు: చిన్న డబ్బా, లోతైన బేస్, ఎక్కువ సెన్సిటివిటీ, ఈ మూడింటిలో రెండే కోరుకోవచ్చు. అరచేతిలో పట్టే బ్లూటూత్ స్పీకర్లు మూడోదాన్ని వదులుకుని మొదటి రెండింటి వైపు వెళతాయి, ఆ లోటును వోల్టేజ్ పెంచి, లోపలి సాఫ్ట్‌వేర్‌తో బేస్‌ను సరిదిద్ది పూడుస్తాయి. చెక్క డబ్బా కట్టుకునేవాళ్లకు డబ్బా పెద్దది చేసుకునే స్వేచ్ఛ ఉంది. దాన్ని వాడుకోవడమా, మోయడానికి తేలిగ్గా ఉండాలనుకోవడమా అన్నది ఎవరిష్టం వాళ్లది.

కొన్ని స్పీకర్లకు సెన్సిటివిటీని ఒక వాట్ దగ్గర కాకుండా 2.83 వోల్టుల దగ్గర ఇస్తారు. 8 ఓమ్‌లకు ఈ రెండూ ఒకటే. 4 ఓమ్‌లకు 2.83 వోల్టులంటే రెండు వాట్లు, కాబట్టి ఆ స్పీకర్ అంకె 3 డెసిబెల్స్ ఉబ్బి కనిపిస్తుంది.

దూరం సంగతీ ఉంది. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ పోతాయి. మీటరు దగ్గర 100 ఉంటే 8 మీటర్ల దగ్గర 82. గదిలో గోడలు ధ్వనిని తిప్పికొడతాయి కాబట్టి అంత పడిపోదు. ఇంట్లో అదరగొట్టిన సిస్టమ్ బయటికి తీసుకెళ్లగానే నీరసంగా అనిపించేది ఇందుకే.

క్లాస్ ఏబీ, క్లాస్ డీ: తేడా గరిష్ఠం దగ్గర కాదు

క్లాస్ ఏబీ యాంప్లిఫయర్‌లో ట్రాన్సిస్టర్లు సగం తెరిచిన కుళాయిల్లా పనిచేస్తాయి, స్పీకర్‌కు వెళ్లని మిగతాది వేడిగా మారుతుంది. క్లాస్ డీలో అవి స్విచ్చుల్లాంటివి: పూర్తిగా ఆన్ లేదా పూర్తిగా ఆఫ్, సెకనుకు లక్షల సార్లు. ఆన్-ఆఫ్ నిష్పత్తిని పాటకు తగ్గట్టు మారుస్తూ, చివర ఫిల్టర్‌తో నునుపు చేస్తారు. డీ అంటే డిజిటల్ అనుకుంటారు గానీ, సీ తర్వాతి అక్షరం కాబట్టి డీ, అంతకుమించి అర్థమేమీ లేదు.

సాధారణంగా చెప్పే పోలిక ఏబీకి గరిష్ఠంగా 78 శాతం సామర్థ్యం, డీకి 90 అని. అలా చూస్తే పెద్ద తేడా అనిపించదు. కానీ ఎవరూ గరిష్ఠం దగ్గర పాటలు వినరు. ఏబీ సామర్థ్యం అల ఎత్తుతో పాటే పడిపోతుంది. గరిష్ఠ పవర్‌లో పదో వంతు దగ్గర సిద్ధాంతపరంగానే పాతిక శాతానికి దిగుతుంది. 20 వాట్ల ఏబీ యాంప్లిఫయర్ 2 వాట్లతో పాడుతుంటే బ్యాటరీ నుంచి 8 వాట్లు లాగుతుంది. అదే పనికి డీ యాంప్లిఫయర్ లాగేది మూడు వాట్ల లోపు. బ్యాటరీ మీద క్లాస్ డీ గెలిచేది ఈ మామూలు వాల్యూమ్ దగ్గరే.

ఏబీ వైపు వాదన లేకపోలేదు. టీడీఏ 7297 లాంటి చిప్ బోర్డులు సరళమైనవి, స్విచ్చింగ్ రొద ఉండదు, దగ్గర్లో రేడియో పెట్టినా గరగరలు రావు. ధ్వని నాణ్యతలో ఏబీయే మేలనే మాట ఒకప్పుడు బలంగా ఉండేది. ఇప్పటి మంచి డీ చిప్‌లను సరిగ్గా అమర్చిన బోర్డు మీద వింటే, చిన్న పోర్టబుల్ డబ్బాలో ఆ తేడా పట్టుకోవడం కష్టం. ప్లగ్గులో పెట్టి వాడే సిస్టమ్‌కైతే ఏబీ ఇప్పటికీ మంచి ఎంపికే.

పాట నిజంగా ఎంత తాగుతుంది

36 వాట్ల యాంప్లిఫయర్, 65 వాట్-అవర్ల బ్యాటరీ ఉంటే రెండు గంటల కన్నా తక్కువ వస్తుందని చాలామంది లెక్కేస్తారు. అసలు సంగతి దీనికి చాలా దూరం. పాటలో దరువు దెబ్బలు ఒక్క క్షణం ఎగసి పడిపోతాయి, సగటు వాటికి 10 డెసిబెల్స్ కింద ఉండటం మామూలే. శాస్త్రీయ సంగీతమైతే ఇంకా కిందే. 10 డెసిబెల్స్ కింద అంటే పదో వంతు పవర్. దెబ్బలు పగలకుండా నిండా వాల్యూమ్ పెట్టినా సగటున నడిచేది 3.6 వాట్లు. డీ యాంప్లిఫయర్ నష్టాలు కలిపితే నాలుగున్నర. గట్టిగా వాయించినా పది గంటలు దాటుతుంది. సౌండును పగలగొట్టి వినేవాళ్లకు ఈ లెక్క చెల్లదు. తలలు కోసేసిన అలకు సగటు చాలా ఎక్కువ, బ్యాటరీ రెండు మూడు రెట్లు వేగంగా దిగిపోతుంది.

రెండో కొసన ఇంకో వింత. వాల్యూమ్ బాగా తగ్గిస్తే బ్యాటరీ రోజుల తరబడి వస్తుందనిపిస్తుంది, రాదు. యాంప్ బోర్డు, బ్లూటూత్ మాడ్యూల్ పాట లేకున్నా కొంత లాగుతూనే ఉంటాయి. రెండూ కలిపి 12 వోల్టుల దగ్గర 100 మిల్లీఆంపియర్లు అనుకుంటే 1.2 వాట్లు. అరవాట్‌తో మెల్లగా పాడే సిస్టమ్‌లో పాట కన్నా ఖాళీ ఖర్చే ఎక్కువన్నమాట.

బ్యాటరీ రకాలు: బరువు, భద్రత, చివరి గంటలో సౌండు

లెడ్-యాసిడ్ 1859 నాటిది. మొరటుగా వాడినా కాస్త ఓర్చుకుంటుంది, ఛార్జర్ సులువు, ఎక్కడైనా తెలిసినది. 12 వోల్టుల 7 ఆంపియర్-అవర్ల సీల్డ్ బ్యాటరీ బరువు రెండు కిలోల పైమాటే. ఆ 84 వాట్-అవర్లు కూడా 20 గంటల పాటు నిదానంగా తీసుకుంటేనే. త్వరగా లాగితే తగ్గుతుంది. పైగా ప్రతిసారీ అడుగంటా వాడితే జీవితం కుదించుకుపోతుంది కాబట్టి సగం వరకే వాడటం ఆనవాయితీ. అలా చూస్తే చేతికొచ్చేది 42 వాట్-అవర్లు. ఛార్జింగ్ గతి తప్పితే హైడ్రోజన్ వదిలే గుణం ఉంది గనుక, గాలి చొరబడని స్పీకర్ డబ్బా లోపల దాన్ని మూసేయడం మంచిది కాదు.

లిథియం-అయాన్‌ను సోనీ 1991లో మార్కెట్లోకి తెచ్చింది. 18650 అనే సెల్ పేరే దాని కొలత: 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు. ఆరు సెల్స్ కలిపి 300 గ్రాములుండవు, 65 వాట్-అవర్లిస్తాయి. నిండుగా ఉన్నప్పుడు సెల్‌కు 4.2 వోల్టులు, ఖాళీ అయ్యేసరికి 3. మూడు సెల్స్ సిరీస్‌లో కలిపితే 12.6 నుంచి 9 దాకా జారుతుంది. మన సూత్రంలో పెట్టి చూడండి. 4 ఓమ్‌లకు మొదట 20 వాట్లు, చివర్లో 10. ఉదయం హాయిగా వాయించిన వాల్యూమ్‌కే సాయంత్రం సౌండు పగిలితే యాంప్లిఫయర్‌ను అనుమానించక్కర్లేదు.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ఇంకో తమ్ముడు. సెల్‌కు 3.2 వోల్టులు, నాలుగు కలిపితే 12.8. దీని గొప్ప వోల్టేజ్ నిలకడలో ఉంది: దాదాపు ఆఖరి దాకా 13 చుట్టూనే ఉండి, చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది. వేలల్లో ఛార్జింగ్‌లు ఓర్చుకుంటుంది, వేడెక్కి అంటుకునే ప్రమాదం మామూలు లిథియం-అయాన్ కంటే బాగా తక్కువ. అదే నిల్వకు బరువూ చోటూ కాస్త ఎక్కువ. 6 ఆంపియర్-అవర్ల నాలుగు సెల్స్ 77 వాట్-అవర్లకు సుమారు 600 గ్రాములు తూగుతాయి. నిలకడ వల్లే ఒక అసౌకర్యం కూడా వచ్చింది. వోల్ట్‌మీటర్ చూసి ఎంత ఛార్జి మిగిలిందో చెప్పడం దీంట్లో దాదాపు అసాధ్యం.

ఇంట్లో కట్టే డబ్బాకు ఏది మేలంటే రెండు పక్షాలున్నాయి. బరువు, దొరికే సెల్స్, పాత ల్యాప్‌టాప్ ప్యాక్‌ల నుంచి తీసుకోగల వెసులుబాటు చూసేవాళ్లు 18650 అంటారు. డబ్బా ఎండలో ఉంటుంది, కిందపడుతుంది, పిల్లల చేతుల్లో ఉంటుంది అనుకునేవాళ్లు ఐరన్ ఫాస్ఫేట్ అంటారు. నేను రెండో పక్షం. స్పీకర్ డబ్బాకు ఎలాగూ బరువుంటుంది, మరో 300 గ్రాముల కోసం భద్రతను బేరం పెట్టనవసరం లేదనిపిస్తుంది. వీపున మోసుకుని కొండలెక్కేవాళ్లు ఇందుకు ఒప్పుకోకపోవచ్చు.

సెల్స్ మీద రాసిన అంకెల దగ్గరా బోర్డుల కథే. 18650లో నిజంగా పట్టేది సుమారు 3,500 మిల్లీఆంపియర్-అవర్ల దాకా. 9,900 అని రాసిన సెల్ కనిపిస్తే లోపల ఉండేది అందులో చిన్న వంతే. నికార్సైన సెల్ సుమారు 45 గ్రాములు తూగుతుంది, ఇలాంటివి చేతిలో బోలుగా ఉంటాయి.

వోల్టేజ్ పెంచే మూడు దారులు

12 వోల్టులు చాలవని తేలాక ఏం చేస్తారు? ఒక దారి, సెల్స్‌ను మరికొన్ని సిరీస్‌లో పెట్టడం. సిరీస్‌లో వోల్టేజ్ పెరుగుతుంది, ప్యారలల్‌లో ఆంపియర్-అవర్లు పెరుగుతాయి. ఎలా కలిపినా ఆరు సెల్స్ వాట్-అవర్లు ఆరు సెల్స్‌వే. మొదట్లో చెప్పిన పెద్ద బ్యాటరీ సౌండు ఎందుకు పెంచలేదో దీంతో తెలుస్తుంది: అది ప్యారలల్‌గా పెరిగింది, సిరీస్‌గా కాదు. ఇక్కడ పైకప్పు ఒకటి ఉంది. టీపీఏ 3116కు సిఫార్సు చేసిన గరిష్ఠం 26 వోల్టులు. ఆరు లిథియం-అయాన్ సెల్స్ నిండితే 25.2, సరిగ్గా గుమ్మం దగ్గర ఆగుతుంది. ఏడైతే 29.4. ఎనిమిది ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్‌ను 24 వోల్టుల ప్యాక్ అని అమ్ముతారు, ఛార్జి నిండినప్పుడు అవి 29.2 చూపిస్తాయి. పేరులో వోల్టేజ్ చూసి కాదు, నిండినప్పటి వోల్టేజ్ చూసి బోర్డును ఎంచుకోవాలి.

రెండో దారి బూస్ట్ కన్వర్టర్. 11 వోల్టులను 24 చేస్తుంది. దీన్ని ఇష్టపడేవాళ్ల మాట: ప్యాక్ చిన్నదిగా ఉంటుంది, బ్యాటరీ జారినా యాంప్లిఫయర్‌కు వోల్టేజ్ కదలదు. ఇష్టపడనివాళ్ల మాట: ఓ పది శాతం అక్కడే పోతుంది, రొద తోడవుతుంది, దరువు దెబ్బకు ఒక్కసారిగా లాగే కరెంట్‌ను చవక మాడ్యూల్ ఇవ్వలేక కూలబడుతుంది. లెక్క చూద్దాం. 24 వోల్టుల మీద 8 ఓమ్‌ల స్పీకర్ ఒకటి 36 వాట్లు తీసుకుంటుంటే, యాంప్లిఫయర్ నష్టం, కన్వర్టర్ నష్టం కలిపి బ్యాటరీ వైపు 47 వాట్లవుతుంది. 11 వోల్టుల దగ్గర అది 4.3 ఆంపియర్లు, ఒక్క ఛానల్‌కే. కన్వర్టర్ తర్వాత పెద్ద కెపాసిటర్ పెడితే క్షణిక దెబ్బలను అది కాస్తుంది. సెల్స్ చేర్చడానికి చోటుంటే నాకైతే నేరు దారే నచ్చుతుంది.

మూడోది, ఈమధ్య బాగా వాడుకలోకి వచ్చిన యూఎస్‌బీ పవర్ డెలివరీ పవర్ బ్యాంక్. చిన్న ట్రిగ్గర్ బోర్డు ఒకటి పవర్ బ్యాంక్‌తో మాట్లాడి 9, 15, 20 వోల్టుల్లో కావాల్సింది అడిగి తీసుకుంటుంది. 20 వోల్టులంటే 4 ఓమ్‌లకు ఛానల్‌కు 50 వాట్ల దాకా అవకాశం, లిథియం ప్యాక్ సొంతంగా కట్టే టెన్షన్ లేకుండా. చిక్కేంటంటే, మెల్లగా పాడుతుంటే కరెంట్ సరిపడా లాగడం లేదని కొన్ని పవర్ బ్యాంక్‌లు వాటంతటవే ఆగిపోతాయి. విమానంలో తీసుకెళ్లేవాళ్లకు 100 వాట్-అవర్ల హద్దు తెలిసే ఉంటుంది. 27,000 దగ్గర చాలా పవర్ బ్యాంక్‌లు ఆగేది ఆ హద్దు కోసమే, 3.7తో గుణిస్తే 99.9.

కనిపించని కాపలాదారు, వినిపించే దొంగ

సొంతంగా లిథియం ప్యాక్ కట్టినప్పుడు బీఎంఎస్ (బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్) బోర్డు తప్పనిసరి. ఏ సెల్ హద్దు మీరి నిండినా, అడుగంటినా, కరెంట్ మితిమీరినా తెగ్గొట్టేది అదే. కొన్నింట్లో సెల్స్‌ను సమం చేసే పని ఉంటుంది, కొన్నింట్లో ఉండదు, చూసి తీసుకోవాలి. గట్టి బేస్ దెబ్బకు సిస్టమ్ చటుక్కున ఆగిపోతుంటే చాలాసార్లు అది బీఎంఎస్ కరెంట్ హద్దే. పూర్తిగా దిగిపోయాక కొన్ని బీఎంఎస్‌లు ఛార్జర్ తగిలిస్తే గానీ నిద్ర లేవవు, బ్యాటరీ చచ్చిపోయిందని పారేయకండి. ఛార్జర్ మాత్రం రసాయనానికి తగ్గదై ఉండాలి: మూడు సెల్స్ లిథియం-అయాన్‌కు 12.6 వోల్టులు, నాలుగు సెల్స్ ఐరన్ ఫాస్ఫేట్‌కు 14.6. ఒకదానిది ఇంకోదానికి పెట్టడం ప్రమాదం. బీఎంఎస్ ఉన్నా బ్యాటరీ పాజిటివ్‌కు ఆనుకుని ఒక ఫ్యూజు ఉండటం వేరే రక్షణ. డబ్బా లోపల వైరు తెగి తగిలితే ముందు కాపాడేది అదే.

బ్రిడ్జ్ యాంప్లిఫయర్లలో స్పీకర్ నెగెటివ్ వైరు గ్రౌండ్ (బ్యాటరీ నెగెటివ్) కాదు, దాని మీదా సిగ్నల్ ఉంటుంది. రెండు ఛానళ్ల నెగెటివ్‌లను కలిపేయడం, గ్రౌండ్‌కు ముడివేయడం వల్ల మాడిన బోర్డులు చాలానే.

ఇక వినిపించే దొంగ. అన్నీ సరిగ్గా కలిపాక పాట ఆగిన వేళ గీ అని సన్నటి కూత. నేను మొదటిసారి కట్టినప్పుడు యాంప్లిఫయర్ పాడైందనుకుని రెండు బోర్డులు మార్చాను. అసలు కారణం బ్లూటూత్ మాడ్యూల్, యాంప్లిఫయర్ ఒకే బ్యాటరీ మీద ఉండటం. మాడ్యూల్ గ్రౌండ్ ఒకసారి పవర్ వైరు గుండా, ఇంకోసారి ఆడియో వైరు గుండా యాంప్లిఫయర్‌ను చేరుతుంది, ఆ చుట్టులో మాడ్యూల్ తీసుకునే చిన్న చిన్న కరెంట్ కుదుపులు సౌండులోకి దూరతాయి. మాడ్యూల్‌కు ఐసొలేటెడ్ డీసీ కన్వర్టర్ పెట్టినా, ఆడియో దారిలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా చుట్టు తెగి కూత ఆగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ చవకదైతే బేస్ కొంచెం మింగుతుంది.

ఒక పూర్తి లెక్క, చివరిదాకా

ఆరుబయట 4 మీటర్ల దూరంలో కూర్చున్నవాళ్లకు సగటున 80 డెసిబెల్స్ వినిపించాలనుకుందాం. ఇది గట్టిగానే వినిపించే స్థాయి, దగ్గరికి జరిగి మాట్లాడుకోవచ్చు. దెబ్బలు 12 డెసిబెల్స్ పైకి లేస్తాయనుకుంటే 92. నాలుగు మీటర్లంటే దూరం రెండుసార్లు రెట్టింపు, 12 పోతాయి కాబట్టి మీటరు దగ్గర 104 కావాలి. స్పీకర్లు రెండు, 3 డెసిబెల్స్ అవే ఇచ్చుకుంటాయి, ఒక్కోటి 101 ఇస్తే చాలు. స్పీకర్ సెన్సిటివిటీ 90, ఇంపెడెన్స్ 8 ఓమ్‌లు. కావాల్సింది 11 డెసిబెల్స్ పైన, అంటే 12.6 వాట్లు.

12 వోల్టులకు 8 ఓమ్‌ల దగ్గర 9 వాట్లే, చాలదు. నాలుగు లిథియం-అయాన్ సెల్స్ సిరీస్‌లో ఉంటే 14.8 వోల్టులు. 14.8 × 14.8 = 219, 16తో భాగిస్తే 13.7. సరిపోయింది, బ్యాటరీ చివరికొచ్చేసరికి ఒకటి రెండు డెసిబెల్స్ తగ్గినా. సగటు పవర్ దెబ్బలకు 12 డెసిబెల్స్ కింద, అంటే పదహారో వంతు: ఛానల్‌కు 0.8, రెండింటికీ 1.6 వాట్లు. యాంప్లిఫయర్ నష్టంతో 2, ఖాళీ ఖర్చు 1.2 కలిపితే 3.2 వాట్లు. నాలుగు సెల్స్, ఒక్కోటి 3,000 మిల్లీఆంపియర్-అవర్లవి, 44 వాట్-అవర్లు. జాగ్రత్తగా 85 శాతమే వాడినా పదకొండు గంటలు దాటుతుంది. 200 గ్రాముల బ్యాటరీ ఇంత పని చేస్తుందని ముందు ఎవరూ నమ్మరు.

ఇప్పుడు వినేవాళ్లను 8 మీటర్లకు జరపండి. 6 డెసిబెల్స్ ఎక్కువ కావాలి, స్పీకర్‌కు 50 వాట్లు. 8 ఓమ్‌ల దగ్గర ఇందుకు 28 వోల్టులు కావాలి, టీపీఏ 3116 పైకప్పు దాటిపోయింది. 4 ఓమ్‌ల స్పీకర్లు తెచ్చి ఆరు సెల్స్ సిరీస్‌లో పెడితే 22 వోల్టులకు 60 వాట్ల దాకా దారి ఉంది, కానీ సగటు ఖర్చు 9 వాట్లకు ఎక్కుతుంది, అదే పదకొండు గంటలు రావాలంటే పన్నెండు సెల్స్ కావాలి. లేదా 96 డెసిబెల్స్ స్పీకర్లు తెచ్చి, అదే బోర్డు, అవే నాలుగు సెల్స్ ఉంచేయవచ్చు. ఆ స్పీకర్లకు పట్టే డబ్బాను మాత్రం ఒక చేత్తో ఎత్తలేరు.